క్యాసెట్టు రీలు కట్టిన చెరువు

2007 నవంబరు 17, శనివారం. ఉదయం 5 గంటల 50 నిమిషాలు. ఉష్ణోగ్రత 16 డిగ్రీలు. గాలి ఈశాన్యం నుంచి, ఆకు కదిలేటంత. ఆకాశంలో పావువంతు మబ్బు. గోదావరి వైపు నుంచి వచ్చిన మంచు చెరువు నీటి మీద మోకాలెత్తున పరుచుకుని ఉంది. ఆ సమయానికి నేను గట్టు మీద స్టాండుకు దుర్భిణీ బిగించి, మడత కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఈ వివరాలు ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఆ శని, ఆదివారాల్లో జరిగినదాని గురించి తరువాత మా ప్రకృతి సంఘంలో నాలుగు రకాల కథలు నడిచాయి. వాటిలో ఒకదాంట్లో వాన కూడా కురిసింది. వాన కురవలేదు.

దుమ్ముగూడెం దాటి, తారు రోడ్డు వదిలి లోపలికి వెళితే అడవి అంచున వచ్చే ఊరది. ఇళ్ళు డెబ్బై లోపు. ఊరికి పడమర చెరువు. చెరువుకు అవతల అడవి, ఇవతల గట్టు, గట్టు కింద వరి పొలాలు. ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంటి నుంచి జీపులో నాలుగున్నర గంటల ప్రయాణం. ఏటా నవంబరులో ఒక శనివారం ఆ చెరువు మీది పక్షులను, మర్నాడు అడవి అంచున సీతాకోకచిలుకలను మా సంఘం లెక్కించేది. లెక్కించే పని నాది.

ఉద్యోగ విరమణకు ముందు ముప్పై రెండేళ్ళు నేను పంట కోత ప్రయోగాలు చేశాను. పొలంలో ఐదు మీటర్ల చదరాన్ని తాడుతో కొలిచి, అందులోని పైరు కోయించి, నూర్పించి, తూచి, దాన్నిబట్టి ఊరి దిగుబడి చెప్పే పని అది. ఆ చదరం పొలంలో ఎక్కడ పడాలో పట్టికలోని అంకె నిర్ణయిస్తుంది, మనిషి నిర్ణయించకూడదు. బాగా పండిన చోట పడాలని పైవాళ్ళు, ఎండిన చోట పడాలని రైతులు నా వెంట పడేవారు. ఇద్దరి మాటా వినకపోవడమే ఆ ఉద్యోగం. పక్షుల లెక్కకు కూడా అదే పద్ధతిలో నాలుగు నియమాలు రాసి సంఘం చేత ఒప్పించాను. ఒక చెరువుకు ఏడాదిలో ఒక్కసారే లెక్క. సూర్యోదయం నుంచి సరిగ్గా రెండు గంటలు. గట్టు లోపల, నీటి మీదో నీటి అంచునో వాలి ఉన్న పక్షులనే లెక్కపెట్టాలి. ఎగిరిపోతున్న పక్షి లెక్కలోకి రాదు.

2006లో ఆ చెరువు లెక్క 1,126. అందులో ముప్పాతిక వంతు ఈలబాతులు, అంటే ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు కూసే గోధుమరంగు బాతులు. ఆ అంకె నా చేతిరాతలోనే ఉంది. గొడవకు మూలం ఆ అంకె కాదు. ఆ అంకెను పట్టుకుని మా కార్యదర్శి చేసిన పని.

కార్యదర్శి వేంసూరు వైపు మనిషి, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు, నాకంటే పాతికేళ్ళు చిన్న. నన్ను బాబాయి గారూ అని పిలిచేవాడు. మా మధ్య ఏ బంధుత్వమూ లేదు, ఆ పిలుపును నేను ఎన్నడూ అడగలేదు. ఆకుల బొమ్మలున్న చొక్కా వేసుకుని, మోచేయంత కెమెరాతో తిరిగేవాడు. అతడు ఏది రాసినా దాని ముందు ‘సుమారు’ అని ఉండేది. అక్టోబరులో అతడు ఒక్కడే ఆ ఊరికి వెళ్ళి, బడిలో గోడ మీద పక్షుల బొమ్మలు వేసి చూపించి, ఈ చెరువును పక్షుల రక్షిత ప్రాంతం చేయమని అటవీ శాఖకు రాయబోతున్నామనీ, ఈసారి కూడా లెక్క వెయ్యి దాటితే పని అయినట్టేననీ ఊరివాళ్ళకు చెప్పి వచ్చాడు. అప్పుడు మా సంగతేమిటని ఎవరో అడిగారట. వలలు వేయడం ఉండదు, గేదెలు దిగడం ఉండదు, ప్రశాంతంగా ఉంటుందని జవాబిచ్చాడట. ఈ సంగతి అతడే సంతోషంగా నాకు చెప్పాడు.

ఆ చెరువులో చేపలు పెంచుకునేది ఆ ఊరి ఆడవాళ్ళ సంఘం. ఇరవై ఇద్దరు సభ్యులు. ఆగస్టులో చేపపిల్లలను వదిలితే జనవరిలో వల వేస్తారు. వలలు ఆగిపోతే ఆ ఇరవై రెండు ఇళ్ళకు వేసవి గడిచే దారి లేదు. కార్యదర్శి ఆ రోజు ఆ గోడ మీద చూపించిన బొమ్మల్లో వాళ్ళకు కనిపించింది అదొక్కటే.

కార్యదర్శీ నేనూ శుక్రవారం సాయంత్రం జీపులో ఊరు చేరాం. ముందటేడు మాకు కోడి కోసి వండి పెట్టిన ఊరు. ఈసారి బడి వరండా తాళం తీసి ఎవరికి వాళ్ళు వెళ్ళిపోయారు. మొహం కడుక్కుందామని బోరింగు దగ్గరికి వెళితే దానికి హ్యాండిల్ లేదు. ఆడవాళ్ళ సంఘం అధ్యక్షురాలు అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మాట మాత్రం గట్టిది.

“బోరు కరాబైంది సారు,” అంది, నేను అడగకముందే.

“హ్యాండిల్ విప్పినట్టుంది.”

“అవ్. కరాబైంది గద, అందుకే విప్పినం.”

“ఎప్పుడు కరాబైంది?”

“మీ జీపు సప్పుడు ఇనవడ్డంక.”

పక్కనున్న ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఆ భాష నాకు రాదు. నవ్వు ఎవరి మీదో తెలుసుకోవడానికి భాష అక్కరలేదు. ఆ పూట మేము జీపులోని క్యాను నీళ్ళతో గడిపాం.

శనివారం తెల్లవారి మంచు కొంచెం పలచబడగానే నా కంటికి మొదట కనిపించింది పక్షులు కాదు, రీలు. వీడియో క్యాసెట్లు విప్పితే వచ్చే నల్లటి రీలును గట్టు మీది గుంజల నుంచి చెరువు మధ్యనున్న మోళ్ళ దాకా, అక్కడి నుంచి అవతలి ఒడ్డు దాకా అడ్డంగా, నిలువుగా లాగి కట్టారు. పదిహేడు వరసలు. పొలాల మీద పిట్టలు వాలకుండా ఆ ప్రాంతమంతా కట్టేది ఆ రీలే. గాలికి అది వణికి గుయ్యిమంటుంది, వెలుతురు పడితే తళుక్కుమంటుంది, పిట్ట దగ్గరికి రాదు. దాన్ని చెరువు మీద కట్టడం మాత్రం నేను అంతకు ముందు చూడలేదు. ఈలబాతులు రీలు తగలని చోట, అవతలి ఒడ్డు తుంగలో ముద్దగా చేరి ఉన్నాయి. ఊదారంగు నీటికోళ్ళు వాటి పక్కనే ఉన్నాయి. ఇంకా వెలుతురు చాలదు, లెక్కకు సమయమూ కాలేదు. నేను ఆగాను.

6 గంటల 10 నిమిషాలకు మూడు వైపుల నుంచి ఒక్కసారిగా డోళ్ళు మోగాయి. వాటితో పాటు నూనె డబ్బాలు, సిల్వర్ పళ్ళేలు. ఆడవాళ్ళు తుంగ దాకా నడుంలోతు నీళ్ళలో వెళ్ళి డబ్బాలు కొట్టారు. తుంగ మొత్తం పైకి లేచినట్టయింది. బాతుల ఈలలు, డోళ్ళ మోత కలిసి, పక్కనున్న మనిషి మాట వినిపించనంత గోల. గుంపు చెరువు మీద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టుకు రెండుగా చీలింది, మూడో చుట్టు తిరగకుండా మా తలల మీదుగా గట్టు దాటి వెనక్కి వెళ్ళిపోయింది.

కార్యదర్శి నా భుజం పట్టుకుని ఊపాడు. “రాయండి బాబాయి గారూ, రాయండి. తక్కువలో తక్కువ పద్నాలుగు వందలు.”

“ఎగిరే పక్షి లెక్కలోకి రాదు. పైగా సూర్యోదయానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.”

“నియమం రాసింది మీరే కదండీ. మీరే ఇవాళ్టికి పక్కన పెట్టండి.”

“భుజం వదలండి,” అన్నాను. వదిలాడు.

6 గంటల 18 నిమిషాలకు లెక్క మొదలుపెట్టాను. రెండు గంటల్లో పదిహేను నిమిషాలకొకసారి, ఎడమ నుంచి కుడికి, చెరువంతా చూశాను. డోళ్ళకు బెదిరినా ఎగరకుండా మునిగి, మరోచోట తేలే మునుగుడు కోళ్ళు ఉన్నాయి. ఒడ్డున కదలకుండా నిలబడితే కనిపించమనుకునే గుడ్డికొంగలు ఉన్నాయి. ఒక నీటికాకి మోడు మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంది. లకుముకి పిట్టలు రెండు సరాసరి రీలు మీదే వాలి, చేప కోసం దూకి, మళ్ళీ ఆ రీలు మీదికే వచ్చాయి.

అధ్యక్షురాలు తడిచీరతో వచ్చి నా కుర్చీకి రెండు బారల దూరంలో గట్టు మీద కూర్చుంది. డబ్బా ఒళ్ళో ఉంది.

“ఎన్నయినయ్ సారు?”

“ముగిసేదాకా చెప్పకూడదు.”

“లేపినోళ్ళం మేము. మాకు తెల్వదా, ఎన్ని ఉన్నయో?”

“తెలిస్తే నన్నెందుకు అడగడం?”

“మీ నోట ఇందామని.”

నేను మళ్ళీ దుర్భిణీలోకి చూశాను. ఆమె కదలలేదు. ఒక మునుగుడు కోడి తేలినప్పుడల్లా ఆమె చెయ్యి డబ్బా మీదికి పోయేది. అది ఒక్కటే కాబట్టి మళ్ళీ ఆగేది. నా లెక్కకు అడ్డుపడాలని వచ్చిన మనిషి నా పక్కన కూర్చుని నాతో పాటే లెక్కపెట్టడం నాకు చిరాకు కలిగించింది. అడ్డుపడేవాళ్ళు దూరంగా ఉండి అడ్డుపడితే పని తేలిక.

7 గంటల 40 నిమిషాలకు గట్టు కింది నుంచి కేక వినబడింది. ఆమె బావ, అంటే భర్తకు అన్న, చేతిలో కొడవలితో గట్టెక్కి వస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. అతని నాలుగు ఎకరాల వరి సరిగ్గా గట్టు కిందే ఉంది, కోతకు వారం ముందు స్థితిలో. తమలో తాము ఎప్పుడూ వాళ్ళ భాషలోనే మాట్లాడుకునే వాళ్ళు ఆ గొడవను మాత్రం తెలుగులో పడ్డారు. మేము కూడా వినాలనే పడ్డారనుకుంటాను.

“ఏం పిల్లా, పిట్టలన్నిటిని నా పొలం మీదికి తోలినవ్?”

“తోలుడే మా పని. నీ పొలంలకే పోవాల్నని వాటికి చెప్పిన్నా బావ?”

“నీళ్ళ కోడి, బాతు, మొత్తం మడిల వడ్డయ్. వరి గొలకలు నమిలి పారేస్తున్నయ్.”

“కొట్టు మరి. డబ్బా ఇయ్యాల్నా?”

“డబ్బాతోని ఏం గాదు. రీలు ఇయ్యి. నా రీలు నాకు ఇయ్యి.”

అప్పుడు నాకు విషయం అర్థమైంది. చెరువు మీద కట్టిన పదిహేడు వరసల రీలు కొత్తది కాదు. కొత్త క్యాసెట్లు కొనే వీలు లేక, ముందురోజు రాత్రి గట్టు కింది పొలాలన్నింటి మీదా కట్టి ఉన్న రీలు విప్పుకొచ్చి చెరువుకు కట్టారు. బాతులకు నీళ్ళు లేకుండా చేసినవాళ్ళు, అవి దిగడానికి అనువైన ఒకే ఒక చోటుకు కాపలా తీసేశారు. ఇరవై రెండు ఇళ్ళల్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదంటే, ఆ రాత్రి వాళ్ళ కళ్ళ ముందు వలలు తప్ప ఇంకేమీ లేవన్నమాట.

“జరసేపు ఆగు బావ,” అంది ఆమె. “సారు లెక్క ఒడవనీ.”

“సారు లెక్క ఒడిసేసరికి నా వడ్లు ఒడుస్తయ్.”

అతడు ఆగలేదు. గుంజల దగ్గర కొడవలితో రీలు కోసుకుంటూ, చుట్టచుట్టి భుజాన వేసుకుంటూ గట్టు పొడుగునా వెళ్ళాడు. అడ్డు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను ఏదో అని పక్కకు నెట్టాడు. కాసేపటికి పొలంలో కూడా డబ్బాలు మోగాయి. 8 గంటల 18 నిమిషాలకు నేను దుర్భిణీకి మూత పెట్టి, సమయమూ మొత్తం 13 అనీ రాసుకున్నాను. 8 గంటల 25 నిమిషాలకు బాతుల గుంపు మొత్తం పొలం మీద నుంచి లేచి, గట్టు దాటి, రీలు లేని చెరువులో దిగింది. నీళ్ళు కనిపించనంత దట్టంగా దిగింది.

కార్యదర్శి మూత పెట్టిన దుర్భిణీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “ఏడు నిమిషాలండీ. ఏడు నిమిషాలు.”

“అవును. ఏడు.”

“మీరు మనిషేనా?” అన్నాడు. అంతకు ముందు అతడు నన్ను అలా అనలేదు. ఆ తరువాత బాబాయి గారూ అని పిలవడం కూడా మానేశాడు. ఆ రెండింటిలో రెండోది నాకు మేలే.

గట్టు మీది ఆడవాళ్ళు మళ్ళీ డబ్బాలు అందుకున్నారు. నేను లేచి అధ్యక్షురాలితో చెప్పాను. “ఇక కొట్టే పని లేదు. లెక్క ముగిసింది. ఇప్పుడు ఎన్ని దిగినా నేను రాయను.”

“గట్లనే అంటరు. మేము ఇండ్లకు పోంగనే మల్ల పెడ్తరు లెక్క.”

“నేను చెబుతున్నాను కదా, అమ్మా.”

“పోయిన్నెల ఈ సారు గూడ చెప్పిండు,” అంది కార్యదర్శి వైపు చెయ్యి చూపించి. “మీకు మంచే జరుగుతదని.”

ఆమె బావ పొలంలోంచే అరిచాడు, సారు చెబుతున్నడు గదా ఇనమని. ఆమె వినలేదు. డోళ్ళు మళ్ళీ మోగాయి. బాతులు మళ్ళీ లేచాయి. ఆ ఉదయం పదకొండు గంటల దాకా గట్టు పైవాళ్ళు బాతులను పొలంలోకి తోలడం, గట్టు కిందివాళ్ళు చెరువులోకి తోలడం నడిచింది. ఒకే ఇంటిలో కోడలు పైన, అత్త కింద డబ్బా పట్టుకున్న సందర్భం కూడా చూశాను. లెక్క ముగిసిందన్న నా మాట నిజం. దాన్ని నమ్మించే సాధనం నా దగ్గర లేదు. సంతకం చేసిన కాగితం తప్ప నేనెప్పుడూ ఎవరికీ ఏమీ చూపించి ఉండలేదు. ఆ కాగితం ఆదివారం మధ్యాహ్నం గాని తయారు కాదు.

మధ్యాహ్నం ఆ బావ బడి దగ్గరికి వచ్చాడు. నష్టం ఎంతో కట్టి చెప్పమన్నాడు, మరదలి సంఘం ముందు పెట్టడానికి. పని నాకు తెలిసినదే, తాడూ తూనికా జీపులో ఉన్నాయి, ఒప్పుకున్నాను. పొలానికి తీసుకెళ్ళి నీటికోళ్ళు తొక్కి పడగొట్టిన మూల చూపించి, చదరం అక్కడ వేయమన్నాడు.

“చదరం ఎక్కడ వేయాలో మీరు చెప్పకూడదు. అంకె చెబుతుంది.”

“అంకెకు ఏం ఎరుక, పిట్ట యాడ తిన్నదో?”

“ఎరుక లేకపోవడమే కావాల్సింది.”

పక్షులు దిగిన మడిలో ఒక చదరం, దిగని పక్క మడిలో ఒకటి వేసి, కోయించి, నూర్పించి తూచాను. అతడు సగం పోయిందని అనుకున్నాడు. తేలింది ఎనిమిదో వంతు. అతడు ఆ మాట విని తాడు చుట్టడానికి కూడా సాయం చేయకుండా వెళ్ళిపోయాడు. ఆ తాడును ముళ్ళు పడకుండా ఒక్కడే చుట్టడానికి ఎంతసేపు పడుతుందో చేసినవాళ్ళకు తెలుసు.

చీకటి పడకముందే కార్యదర్శి వరండాలో తన కాగితం తీశాడు. ‘సుమారు 1,400’ అని అప్పటికే రాసి ఉంది. సంతకం చేసే చోటు ఖాళీగా ఉంది. లెక్కించిన మనిషి సంతకం లేకుండా ఏ కాగితమూ సంఘం నుంచి బయటికి పోకూడదనేది కూడా నేను రాయించినదే.

“పదమూడు అని పంపితే నవ్వుతారు,” అన్నాడు.

“నవ్వనివ్వండి.”

“నా రెండేళ్ళ పని ఇది. మీ కళ్ళతో మీరు చూశారు. చూసి కూడా లేవంటారా?”

“లేవని నేను అనడం లేదు. లెక్కపెట్టలేదు అంటున్నాను.”

“మీకూ ఆ డబ్బాలు కొట్టినవాళ్ళకూ తేడా ఏంటండీ మరి?”

 అతడు తన పరుపు తీసుకుని జీపులోకి వెళ్ళి పడుకున్నాడు.

ఆదివారం, నవంబరు 18. ఉదయం 9 గంటల 30 నిమిషాలు. ఉష్ణోగ్రత 24 డిగ్రీలు. మబ్బు లేదు, గాలి లేదు. ఒంటికి ఎండ తగిలేదాకా సీతాకోకచిలుకలు లేవవు, కాబట్టి ఆ లెక్క ఆలస్యంగానే మొదలవుతుంది. సీతాకోకచిలుకల లెక్క అంటే నాకు గౌరవం లేదు. ఒకటే పురుగు పదిసార్లు ముందుకొస్తుంది. అందుకే వాటిని తలలుగా కాకుండా రకాలుగా మాత్రమే రాసేలా నియమం పెట్టాను: ఒక రకం ఒకసారి కనిపిస్తే చాలు, మళ్ళీ కనిపిస్తే లాభం లేదు.

చెరువు అలుగు దాటిన నీరు చిన్న వాగై అడవిలోకి పోయే మలుపు దగ్గర నాలుగు చదునైన బండలున్నాయి. ఆడవాళ్ళు చేపలు తోమి కడిగేది వాటి మీదే. పొలుసు, పేగులు, నీచునీళ్ళు బండల చుట్టూ మట్టిలో ఇంకి ఉంటాయి. ఆ మట్టి మీద సీతాకోకచిలుకలు రెక్కలు మూసి, ఒకదానికొకటి ఆనుకుని, తాగుతూ కూర్చున్నాయి. లేతపసుపువి ఒక గుంపు. నల్లటి ఒంటి మీద నీలి చారలవి. నిమ్మచెట్ల మీద పెరిగే గళ్ళరెక్కలవి. వెనక రెక్కలకు రెండేసి తోకలున్న గోధుమరంగువి నేరుగా చేపపేగు మీదే వాలి, చేత్తో తాకినా లేవనంత మత్తుగా ఉన్నాయి. వాసన భరించడం కష్టం. గంటా పది నిమిషాల్లో ముప్పై ఒక్క రకాలు రాశాను. అంతకు ముందు ఏ ఏడాదీ ఇరవై రెండు దాటలేదు.

కార్యదర్శి ముక్కుకు రుమాలు కట్టుకుని ఫోటోలు తీస్తున్నాడు. నలుగురు ఆడవాళ్ళు పక్క బండ మీద వాగులో పట్టిన చిన్న చేపలు తోముతున్నారు. అధ్యక్షురాలు వాళ్ళలో ఉంది. అతనికి ఆ పేగులు ఫోటోలో పడుతున్నాయి.

“ఈ చెత్తంతా ఇక్కడెందుకు పోస్తారు? ఇంత అందమైన చోట.”

“చేప కడిగితే చెత్త రాదా సారు? మీ ఇంట్ల రాదా?”

“కొంచెం శుభ్రం చేయండి. నీళ్ళు కొట్టి కడిగేయండి.”

ఆమె ఒక క్షణం అతని వైపు చూసింది. “కడగాల్నా?” అని మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంది. తరువాత నలుగురూ లేచి బిందెలతో నీళ్ళు తెచ్చి బండలు, మట్టి, పేగులు, నీచు అంతా వాగులోకి కొట్టుకుపోయేలా కడిగారు. చీపురు తెచ్చి ఊడ్చారు కూడా. సీతాకోకచిలుకలు లేచాయి, కాసేపు బండల మీద తిరిగాయి, ఒకటొకటిగా చెట్లలోకి వెళ్ళిపోయాయి. మిగిలిన యాభై నిమిషాల్లో కొత్త రకం ఒక్కటీ రాలేదు.

“ఊడ్చినం గద సారు,” అంది ఆమె. “ఇగ తీసుకో ఫోటో.”

12 గంటలకు గట్టు మీద కాగితం నింపాను. పక్షులు, రకాల వారీగా, మొత్తం 13. సీతాకోకచిలుకలు, 31 రకాలు. కింద ‘పరిస్థితులు’ అనే గడి ఉంటుంది. మామూలుగా అందులో వాతావరణం రాస్తాం. అందులో ఇలా రాశాను: ‘లెక్క మొదలు కావడానికి 8 నిమిషాల ముందు ఊరివారు డోళ్ళు, డబ్బాలు మోగించి పక్షులను లేపారు. చెరువు మీద రీలు కట్టి ఉంది. లెక్క ముగిసిన 7 నిమిషాలకు పెద్ద గుంపు తిరిగి దిగింది. దాన్ని లెక్కపెట్టలేదు.’ అందరి ముందూ చదివి వినిపించాను, ఎందుకంటే తరువాత ఎవరూ వినలేదని అనకూడదు.

ఇద్దరూ ఒకేసారి నా మీదికి వచ్చారు.

“పదమూడు కొట్టేయండి,” అన్నాడు కార్యదర్శి. “కింద రాసింది ఉంటే చాలు, పైన గీత పెట్టి వదిలేయండి.”

“కింద రాసింది కొట్టెయ్యి సారు,” అంది అధ్యక్షురాలు. “పదమూడు చాలు. డబ్బాలు కొట్టినమని రాస్తే మమ్ముల పట్టుకపోరా?”

“పట్టుకుపోతారో లేదో నాకు తెలియదు. కొట్టారా, కొట్టలేదా?”

“కొట్టినం.”

“అయితే ఉంటుంది.”

“మరి పోయినేడు రాసిన వెయ్యి? అదన్న కొట్టెయ్యి. అప్పుడు మేము ఏం గొట్టలే, ఏం గట్టలే. కూర వండి పెట్టినం నీకు.”

“అప్పుడు వెయ్యీ నూట ఇరవై ఆరు ఉన్నాయి.”

ఆమె డబ్బా కింద పెట్టింది. కోపంతో కాదు, అలసటతో పెట్టినట్టుంది. “నీకు మేమూ వద్దు, పిట్టలూ వద్దు. ఏం గావాలె సారు నీకు?”

“జరిగింది జరిగినట్టు కాగితం మీద ఉండాలి.”

“జరిగింది జరిగినట్టు రాస్తే, జనవరిల మా వల పడ్తదా?”

“అది నాకు తెలియదు.”

“తెల్వనోడివి ఎందుకొచ్చినవ్ మరి?” అంది. ముందురోజు దాకా ‘మీరు’ అన్న మనిషి ఆ పూట నుంచి ‘నువ్వు’కు దిగింది. నేను సంతకం చేసి, కార్బన్ ప్రతి ఒకటి కార్యదర్శికి ఇచ్చి, రెండోది చొక్కా జేబులో పెట్టుకున్నాను.

జీపు కార్యదర్శి బాడుగకు మాట్లాడినది. అతడు నా సంచీ, కుర్చీ దింపి, నన్ను ఎక్కించుకోకుండా వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఎవరూ బండి కట్టలేదు, నేనూ అడగలేదు. కుర్చీ మోసుకుంటూ తారు రోడ్డు దాకా నడిచి, భద్రాచలం బస్సు పట్టుకున్నాను. సోమవారం నా ప్రతిని, ముందటేడు కాగితంతో కలిపి, అటవీ శాఖ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఎందుకంటే కార్యదర్శి ఒక్క 2006 అంకెతోనే ప్రతిపాదన పంపుతాడని నాకు అనుమానం. అతడు అదే చేశాడు.

డిసెంబరు సమావేశంలో నన్ను సంఘం నుంచి తీసేశారు. తొమ్మిది చేతులు లేచాయి; ఎదురుగా లేచినది లేదు. ప్రతిపాదన సంగతి తెలుసుకోవడానికి నేనే మార్చిలో ఆ కార్యాలయానికి వెళ్ళాను. రెండు కాగితాలు, రెండు అంకెలు, కింద ఆ నాలుగు వాక్యాలు చూసి అక్కడి అధికారి, ఊరివాళ్ళు ఇంతగా వద్దంటున్న చోట, లెక్క కూడా నిలకడగా లేని చోట ముందుకు పోలేమని దాన్ని పక్కన పెట్టినట్టు చెప్పాడు. డబ్బాలు కొట్టినందుకు ఎవరి మీదా ఏ చర్యా లేదు. జనవరిలో వలలు పడ్డాయట. అధికారి ఆ మాట అంటున్నప్పుడు నేను తేదీ అడిగాను. అతనికి గుర్తు లేదు.

2009లో ఒకసారి ఆ దారిన పోతూ చెరువు దగ్గర ఆగాను. గట్టు మీద వలలు ఆరేసి ఉన్నాయి. అధ్యక్షురాలు నన్ను గుర్తుపట్టింది, పలకరించలేదు. పొలాల మీద రీలు కట్టి ఉంది. చెరువు మీద లేదు. బాతులున్నాయి, నా దగ్గర దుర్భిణీ లేదు, సమయం మధ్యాహ్నం మూడు గంటలు, కాబట్టి ఎన్నో చెప్పలేను. 2007 తరువాత ఆ చెరువు మీద ఎవరూ లెక్క చేయలేదు. నా పట్టికలో ఆ ఏళ్ళ గడుల్లో సున్నా వేయలేదు, ఖాళీగా ఉంచాను.

2007 నవంబరు 17, 18 తేదీల లెక్క ఇది. మునుగుడు కోళ్ళు ఆరు, గుడ్డికొంగలు నాలుగు, లకుముకి పిట్టలు రెండు, నీటికాకి ఒకటి. మొత్తం పక్షులు పదమూడు. సీతాకోకచిలుకలు ముప్పై ఒక్క రకాలు.